సున్నా, కూడిక, డబ్బా

"పరీక్ష కాదండీ బాబూ, పరీక్ష కాదు!" అని అంగన్‌వాడీ టీచరు జ్యోతిర్మయి గొంతు పోయేలా మొత్తుకుంది. వింటేగా! తల్లుల చెవిన పడ్డవి రెండే మాటలు. ఒకటి 'చూస్తారు', రెండోది 'తేడా'. మిగతాదంతా గాలికి పోయింది.

ఆవిడ చెప్పింది ఇంతే. గురువారం ఒంగోలు నుంచి డాక్టరమ్మ వస్తుంది. నాలుగైదేళ్ళ పిల్లల చేత బొమ్మలు గీయించి, పూసలు గుచ్చించి, కన్ను చూసింది చెయ్యి చేయగలుగుతోందో లేదో చూస్తుంది. ఏదన్నా తేడా ఉంటే చిన్నప్పుడే సరిచేసుకోవచ్చు. అంతే సంగతి. ఆ సోమవారం మధ్యాహ్నం పిల్లలకి కోడిగుడ్లు పెట్టే వేళకి ఇనగంటివారిపాలెంలో అది ఎట్లా తిరిగిందయ్యా అంటే, అంగన్‌వాడీలో ఎంట్రన్సు పెడుతున్నారట, తప్పినవాళ్ళని 'తేడా పిల్లలు' అని రాసుకుని పోతారట.

సుబ్బరావమ్మ ఈ కబురు మిరపకళ్ళంలో వింది. చేతిలో గోతం అట్లాగే వదిలేసి, చేతుల కారం కూడా కడుక్కోకుండా వచ్చిపడింది.

"ఏం అడుగుతారంట?"

"అడగరు పిన్నిగారూ, చూస్తారు."

"అదేలే. ఏం చూస్తారంట?"

జ్యోతిర్మయి బీరువాలోంచి మూడు అట్టముక్కలు తీసి చూపించింది. ఒకదాని మీద సున్నా. ఒకదాని మీద కూడిక గుర్తు. ఇంకోదాని మీద నాలుగు పలకల డబ్బా. "డాక్టరమ్మ ఇవి చూపిస్తారు. పిల్లలు చూసి గీయాలి. అంతే."

అంతేనా! ఆ అట్టలు బల్ల మీద పెట్టిన మరుక్షణం తల్లుల ఫోన్లన్నీ వాటి మీద వాలాయి. జ్యోతిర్మయి చేతులు అడ్డం పెట్టేలోపు వాట్సాప్‌లో ఊరంతా తిరిగాయి. గుంటూరు, ఒంగోలు చుట్టుపక్కల పిల్లని కన్నవాళ్ళకి పేపరు ముందే దొరకడమంటే ఏమిటో ఒకళ్ళు చెప్పాలా? సాయంత్రానికి యలమంద అరుగు మీద బ్యాచి మొదలైంది. ఈ యలమంద ఊళ్ళో నవోదయ సీట్లకి ట్యూషన్ చెప్పే మనిషి. పొద్దున సున్నాల బ్యాచి, సాయంత్రం డబ్బాల బ్యాచి. డబ్బా గీయడం వచ్చేసినవాళ్ళకి మళ్ళీ రివిజను. "సున్నా ఎప్పుడూ పైనుంచే ఎత్తుకోవాలి. కిందనించి ఎత్తుకున్నారా, టైము వేస్టు," అని చెప్తుంటే, చొక్కా గుండీలు కూడా పెట్టుకోవడం రాని పిల్లలు చీమిడి ఎగబీల్చుకుంటూ విన్నారు.

సుబ్బరావమ్మ మటుకు మనవణ్ణి అక్కడికి పంపలేదు. "పెళ్ళై వచ్చిన కాణ్ణుంచి వాకిట్లో ముగ్గులేస్తన్నదాన్ని. డబ్బా గీయడం నాకు యలమంద నేర్పుతాడా!" అంది.

ఆ మనవడి పేరు రికార్డుల్లో రిషాంక్. కోడలు శిరీష ఫోనులో వెతికి మరీ పెట్టింది. సుబ్బరావమ్మకి ఆ పేరు నోరు తిరగదు, తిరిగినా తిప్పదు. పోయిన మొగుడి పేరు బుల్లయ్య, కాబట్టి మనవడూ బుల్లయ్యే. వాడు తేడా పిల్లాడు అని ఎవరో కోటు వేసుకున్న మనిషి కాగితం మీద రాయడమా? తన కంఠంలో ప్రాణముండగా జరగని పని.

*

కళ్ళంలో పట్టాల మీద మిరపకాయలు ఆ చివరి నుంచి ఈ చివరికి ఎర్రగా పరిచి ఉన్నాయి. పక్కన గ్రీన్‌నెట్టు పందిరి కింద ఆడవాళ్ళు ఎండుకాయలకి తొడిమలు తీస్తున్నారు. బొటనవేలితో కాయ మెడ దగ్గర ఒక నొక్కు, ఒక తిప్పు, తొడిమ ఇటు, కాయ అటు. చేతులకి ఆముదం రాసుకున్నా సాయంత్రానికి మంట మంటే. మధ్యమధ్య ఎవరో ఒకరికి ఘాటు నషాళానికెక్కి తుమ్ము వస్తే, ఇక అంటుకున్నట్టు వరసగా అందరూ తుమ్మేవాళ్ళు.

మంగళవారం పొద్దున్నే సుబ్బరావమ్మ పందిరి పక్కన మెత్తటి మట్టి చదును చేసి, నీళ్ళు చిలకరించి, మనవడి చేతికి పుల్ల ఇచ్చింది.

"ముందు సున్నా. గానుగెద్దురా అయ్యా. తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే రావాల. తిరుగు."

బుల్లయ్య తిరిగాడు. సున్నా వచ్చింది.

"కూడిక. నిలబడు, పడుకో."

పుల్ల నిలువుగా దిగింది, అడ్డంగా పడుకుంది.

డబ్బా దగ్గరే చిక్కు వచ్చింది. సుబ్బరావమ్మ తను గీసి, "దాన్ని చూసి గియ్యి," అంటే, వాడు ఒక గీత గీసి పుల్ల గాల్లో పట్టుకుని ఆగిపోతాడు. ముక్కు నేలకి ఆనేదాకా వంగుతాడు. ఆ వంగడంలో వాడి జుట్టంతా మట్టి.

"గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏందిరా ఆ పడటం! లే. కూకో సరిగ్గా."

ఎన్నిసార్లు చూపించినా అంతే. చివరికి ఆమెకే ఒక ఉపాయం తోచింది. వాడి వెనక చతికిలబడి, చెయ్యి పట్టుకుని, పాట కట్టింది.

"దిగు దిగు, పక్కకి పో, ఎక్కు ఎక్కు, ఇంటికి రా."

అబ్బో! ఆ పాట వంటబట్టిందిరా వాడికి! రెండు ఆవృత్తులు అయ్యేసరికి చెయ్యి వదిలేసినా డబ్బా వచ్చేసింది. నాలుగు మూలలూ కత్తితో కోసినట్టు! సుబ్బరావమ్మ మెటికలు విరిచింది. "ఏమే, చూశారా? పిట్ట కొంచెం కూత ఘనం," అని పందిరి కింద వాళ్ళందరికీ వినబడేలా అంది. వాళ్ళు తలలెత్తకుండానే ఔనౌనన్నారు. కూలీకి వచ్చినవాళ్ళు కాదంటారా?

పాట విన్నది బుల్లయ్య ఒక్కడే కాదు. తొడిమలు తీస్తున్న నజ్మీన్ పక్కన గోతం మీద కూర్చున్న దాని కూతురు నగ్మా కూడా విన్నది. బుల్లయ్య ఈడుదే. పుట్టినప్పటినుంచీ దాని కుడి చెయ్యి మోచేతి దగ్గర ముడుచుకునే ఉంటుంది. పిడికిలి విప్పదు. ఆ చేతిని రొమ్ముకి ఆనించుకుని, ఎడం చేత్తో తొడిమ ఒకటి పట్టుకుని, అది కూడా మట్టిలో గీయడం మొదలెట్టింది. దిగు దిగు, పక్కకి పో... గీత ఎక్కాల్సిన చోట ఎక్కకుండా వాలిపోయింది. చెరిపేసి మళ్ళీ దిగింది.

సుబ్బరావమ్మ కంట పడనే పడింది. "ఏమే, ఎడం చేత్తో గీతలేంది? తప్పు. కుడి చేత్తో గియ్యి."

నగ్మా తొడిమ పడేసి ఎడం చేతిని లంగా మడతలో దాచుకుంది.

"దానికి ఆ చెయ్యి లేవదు కదమ్మా," అంది నజ్మీన్.

"లేపితే లేస్తది. ముద్దు చేసి మీరే చెడగొట్టారు." ఆ మాట అన్నాక సుబ్బరావమ్మకి అసలు సంగతి గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం యలమంద నలుగురిలో అనేశాడు, ఈ ఊరికి సెంట్ పర్సెంట్ రిజల్టు తెప్పిస్తానని. ఫ్లెక్సీకి ఫొటోలు కూడా అడుగుతున్నాడు. ఇక అడ్డమల్లా ఈ పిల్ల ఒక్కతే. ఆ ముక్క చెప్పడానికి మగాళ్ళకి నోరు రాలేదు. సుబ్బరావమ్మకి నోరు రాకపోవడమనేది ఏనాడు ఉంది కనుక! "నజ్మీనూ, గురువారం పిల్లని ఇంటికాడే ఉంచు. అందర్లో దానికీ చిన్నతనం, ఊరికీ చిన్నతనం."

నజ్మీన్ చేతిలో కాయ మెడ విరిచింది. ఇంకోటి విరిచింది. పక్క మనిషి తుమ్మింది. నజ్మీన్‌కి తుమ్ము రాలేదు గాని కళ్ళు మటుకు ఎర్రబడ్డాయి.

"అట్టాగేనమ్మా. మరి ఆ పూట గుడ్డు ఇంటికి పంపుతారా?"

"నేనిప్పిస్తాలే," అంది సుబ్బరావమ్మ ధర్మరాజు చెల్లెల్లాగా. అని ఆ నిమిషమే మర్చిపోయింది.

మధ్యాహ్నం శిరీష అన్నం క్యారేజీ తెచ్చింది. వచ్చేసరికి కొడుకు మోకాళ్ళ మీద నేల తడుముతున్నాడు. పుల్ల వాడి మోకాలి ముందే పడి ఉంది. చెయ్యి దాని కుడిపక్కన తడిమింది, ఎడంపక్కన తడిమింది, చివరికి దాని మీదే పడింది.

"అత్తయ్యా, వీడికి సరిగా కనబడట్లేదేమోనండీ. టీవీకి కూడా ముఖం ఆనించి..."

"నోర్ముయ్యి! మన ఇంట్లో కళ్ళజోడు పెట్టినోడు లేడు. మీ మావయ్య మంచాన పడేదాకా సూదిలో దారం ఎక్కించాడు. ఎల్లుండి పరీక్ష పెట్టుకుని ఆ కూతలేంది?"

శిరీష గిన్నెలు విప్పింది. ఆమె నెమ్మదస్తురాలు. అన్నం కలిపి ముద్దలు కొడుకు నోటికి అందించింది. వాడు ముద్ద కోసం తల్లి చెయ్యి ఎక్కడుందో ముందు చేత్తో తడిమి చూసుకుని, తర్వాత నోరు తెరిచాడు. సుబ్బరావమ్మ అది చూసింది. చూసి, మజ్జిగలో ఉప్పు లేదని కోడలిని ఇంకోసారి తిట్టింది.

*

బుధవారం పూసలు. ఇంట్లో ఎద్దులు పోయి ట్రాక్టరొచ్చినా, ఎద్దుల మెడలో కట్టిన గవ్వంత పూసల పట్టెడలు అటక మీద ఉన్నాయి. సుబ్బరావమ్మ వాటిని తెంపి పళ్ళెంలో పోసింది. బుల్లయ్య పూసని కళ్ళకెదురుగా పెట్టుకోనే పెట్టుకోలేదు. బొటనవేలి గోరుతో బెజ్జం వెతుక్కుని, దారం కొస నాలికతో తడి చేసి, గోరు ఉన్న చోటికి దూర్చేశాడు. చకచకా దండ తయారైంది.

"చూడకుండానే గుచ్చుతున్నాడే నా బంగారం!" అని ఆమె పక్కింటి వాళ్ళని పిలిచి మరీ చూపించింది. వాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

పొద్దు వాలుతుండగా ఆఖరి రివిజను. జ్యోతిర్మయి అట్టల్లాగే సుబ్బరావమ్మ క్యాలెండరు అట్ట కోసి మూడు బొమ్మలు బొగ్గుతో గీసి ఉంచింది. అరుగు మీద మనవణ్ణి కూర్చోబెట్టి, ఒక్కొక్కటీ ఎత్తి పట్టింది. సున్నా, అన్నాడు, గీశాడు. కూడిక, అన్నాడు, గీశాడు. మూడో అట్ట ఎత్తింది.

"డబ్బా!" అని వాడు పలక మీదకి వంగాడు. "దిగు దిగు... పక్కకి పో..."

ఆమె మురిసిపోతూ అట్ట వంక చూసుకుంది. తన వైపు డబ్బా బొమ్మ ఉంది. అంటే వాడి వైపు? అట్ట తిప్పింది. తెల్లగా, ఏమీ లేదు. బోసి వెనకభాగం వాడికి చూపించింది ఇంతసేపూ.

"ఇంటికి రా," అని బుల్లయ్య నాలుగో గీత కలిపి పలక ఎత్తి చూపించాడు. "వచ్చిందా నానమ్మా?"

"వచ్చింది," అంది సుబ్బరావమ్మ.

ఆమె అట్టని మళ్ళీ బోసి వైపే ఉంచి పట్టుకుంది. "ఇదేంది చెప్పు?"

"మూడూ అయిపోయినయ్ గా. మళ్ళీ సున్నా!" వాడు సంతోషంగా గానుగెద్దుని తిప్పాడు.

కోడలు ఇంట్లోంచి చూస్తోందేమోనని సుబ్బరావమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. అట్టల్ని గబగబా చీరకుచ్చెళ్ళలో దోపుకుంది. "తెలివైనోడు. ముందుగానే పసిగడతన్నాడు," అని పైకే అనుకుంది గాని, ఆ పూట ఆమె ఎవరినీ పిలిచి చూపించలేదు. పప్పులో తాళింపు మాడ్చింది. కోడలిని తిట్టడం కూడా మర్చిపోయింది.

*

గురువారం అంగన్‌వాడీ ముందు తిరణాలే అనుకోండి! పిల్లలకి తలస్నానాలు, నుదుట బొట్లు, బుగ్గన దిష్టిచుక్కలు. గేటు బయట యలమంద తెల్లచొక్కా వేసుకుని, లోపలికి పోయే ప్రతి పిల్లాడికీ చెవిలో, "టెన్షన్ పడమాకు. పైనుంచి ఎత్తుకో," అంటున్నాడు. టెన్షన్ అంటే ఏమిటో తెలియని పిల్లలు ఆయన మొహం చూసి అది పట్టుకున్నారు. ఇద్దరు అప్పటికే ఏడుస్తున్నారు. తల్లులందరూ కిటికీల దగ్గర కిక్కిరిసి నిలబడ్డారు. సుబ్బరావమ్మ మోచేతులతో దారి చేసుకుని ఊచల దగ్గరికి పోయింది. పక్కన శిరీష.

లోపల చాప మీద డాక్టరమ్మ లక్ష్మీదుర్గ కూర్చుంది. నిజానికి ఆవిడ పిల్లలకి వ్యాయామం నేర్పే థెరపిస్టు. ఊరి లెక్కలో కోటు ఉంటే డాక్టరే. "నీ పేరేంటమ్మా?" అని మొదటి పాపని అడిగిందో లేదో, ఆ పాప పెన్సిలు లాక్కుని సున్నా గీసింది. "సున్నా ఇప్పుడు వద్దమ్మా, పేరు చెప్పు," అంటే కూడిక గీసింది. ఇంకొకడు అట్ట మీద బొమ్మని రెండు వేళ్ళతో సాగదీసి పెద్దది చేయబోయాడు. అది సాగకపోయేసరికి, "చార్జింగ్ లేదు," అని తిరిగిచ్చేశాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ సున్నా పైనుంచే ఎత్తుకున్నారు.

"మీ ఊరి పిల్లలందరికీ ఒకటే చెయ్యి ఉన్నట్టుంది టీచరుగారూ," అంది లక్ష్మీదుర్గ. జ్యోతిర్మయి గోడ మీది పోషకాహారం చార్టు చూస్తూ నిలబడింది.

బుల్లయ్య వంతు వచ్చింది. సుబ్బరావమ్మ ఊచలు పట్టుకుంది. సున్నా. కూడిక. మూడో అట్టకి పెదాలు కదిలాయి, దిగు దిగు, పక్కకి పో... నాలుగు మూలలూ కుదిరాయి. పూసల దండ అందరికంటే ముందు గుచ్చేశాడు. "భలే!" అని డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది, తల్లులు కొట్టారు, యలమంద గేటు దగ్గర తన శిష్యుడే అయినట్టు కొట్టాడు. బుల్లయ్య చేతికి ఎర్ర బెలూను వచ్చింది. అట్లా వెళ్ళాడు, ఇట్లా వచ్చేశాడు. సుబ్బరావమ్మకి ఎగిరి గంతెయ్యాలని ఉండాలి కదా? గుండెలో ఏదో ముల్లు. పక్కకి చూస్తే శిరీష చప్పట్లు కొట్టడం లేదు.

అయిపోయింది, సర్దుకుంటున్నారు అనగా గేటు దగ్గర నజ్మీన్ కనబడింది. చంకలో నగ్మా, చేతిలో గిన్నె. గుడ్డు కోసం వచ్చింది. ఎవరో ఇప్పిస్తానన్నారు గాని ఎవరూ పంపలేదు మరి.

డాక్టరమ్మ చూపు ముడుచుకున్న ఆ చేతి మీద పడింది. "ఆ పాప ఎవరు?"

"నగ్మా అండీ. మా సెంటరు పిల్లే. రాలేదని..." జ్యోతిర్మయి నసిగింది.

"ఇప్పుడొచ్చిందిగా. రా తల్లీ, కూర్చో."

నగ్మా చాప మీద కూర్చుంది. పెన్సిలు ఇచ్చారు. ఎడం చెయ్యి ముందుకు వచ్చినట్టే వచ్చి ఆగింది. పిల్ల తలెత్తి కిటికీ వంక చూసింది. సరిగ్గా సుబ్బరావమ్మ వంక. ఎడం చెయ్యి వీపు వెనక్కి పోయింది. ముడుచుకున్న కుడి పిడికిలిని కాగితం దగ్గరికి తెచ్చి, గడ్డంతో పెన్సిలుని అందులోకి నెట్టబోయింది. పెన్సిలు జారి దొర్లింది.

"ఎడం చేత్తో గీయి బంగారం. నీకెట్లా వీలైతే అట్లా."

"తప్పంట."

"ఎవరన్నారు?"

నగ్మా కిటికీ వంక చూసింది, అంతే. డాక్టరమ్మ చూసింది, జ్యోతిర్మయి చూసింది, కిటికీ నిండా ఉన్న తల్లులందరూ తలలు తిప్పి చూశారు. సుబ్బరావమ్మకి ఉన్నపళాన చెంగు సర్దుకోవాల్సిన అవసరం వచ్చింది.

"తప్పేం లేదు. నేను చెప్తున్నాగా," అంది డాక్టరమ్మ.

అప్పుడు గీసింది. కాగితం జారిపోతుంటే, ముడుచుకున్న మోచేతిని తెచ్చి కాగితం మీద బరువు పెట్టి, నాలిక బయటపెట్టి గీసింది. సున్నా కోడిగుడ్డయింది. కూడిక కుదిరింది. డబ్బాకి మూడు మూలలే వచ్చాయి, నాలుగోది రాక నగ్మా పెదవి కొరికింది. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. "మోచేయి ఆనించమని ఎవరు నేర్పారమ్మా నీకు?"

"ఎవురూ నేర్పలా."

ఇక చూడండి, పోదామని సర్దుకున్న మనిషి బ్యాగులన్నీ మళ్ళీ విప్పింది. లావు రంగుపెన్సిళ్ళు తీసింది. నజ్మీన్‌ని దగ్గర కూర్చోబెట్టుకుని, పిండి ముద్ద ఎట్లా పిసికించాలో, ఆ పిడికిలి ఎట్లా మెల్లగా విప్పించాలో చేసి చూపించింది. రాయడం ఎడం చేత్తోనే రాయనీ, కుడి చేతికి వేరే పని చెబుదాం, సోమవారం ఒంగోలు తీసుకురా, దగ్గరుండి చూస్తాను అంది. నజ్మీన్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని అన్నిటికీ తలూపుతోంది.

బయట బుల్లయ్య చేతిలోంచి బెలూను జారింది. ఎటూ పోలేదు, గాలి లేక వాడి కాళ్ళ ముందే వాలింది. వాడు ఒంగి తడిమాడు. ఎర్రటి బెలూను, తెల్లటి సిమెంటు గచ్చు. ఎడంపక్క తడిమాడు, కుడిపక్క తడిమాడు. "నా బెలూను ఎవురో తీశారు," అని ఏడుపు లంకించుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "అదుగోరా, కాళ్ళ కాడ!" అన్నారు. వాడు ఇంకా వెతుకుతున్నాడు. లోపలి నుంచి వస్తున్న నగ్మా వంగి, ఎడం చేత్తో దారం పట్టుకుని, వాడి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. అది రోజూ చేసే పనే అన్నట్టు చేసింది. ఆ పిల్లకి తెలుసు! కళ్ళంలో గోతం మీద కూర్చునే ఆ పిల్లకి తెలుసు.

సుబ్బరావమ్మ కిటికీ ఊచలు వదిలేసింది. పాసైనవాడు బయట నిలబడి బెలూను వెతుక్కుంటున్నాడు. కుదరనిదాని పక్కన డాక్టరమ్మ ఇంతసేపు కూర్చుంది. పాసు చేయించింది ఎవరు? తనే కదా! పాట కట్టి, చెయ్యి పట్టి, అట్ట దాచి.

ఆమె మనవణ్ణి రెక్క పుచ్చుకుని చాప దగ్గరికి ఈడ్చుకొచ్చింది.

"డాక్టరమ్మా! మావాణ్ణి ఫెయిల్ చెయ్యండి."

గేటు దగ్గర నుంచి యలమంద, "అమ్మో, సెంట్ పర్సెంట్!" అని గుండెలు బాదుకుంటూ వచ్చాడు.

"ఇందులో పాసూ ఫెయిలూ లేవండీ," అంది లక్ష్మీదుర్గ నవ్వుతూ. "అయినా మీవాడు బ్రహ్మాండంగా గీశాడుగా."

"గీశాడు. నేను నేర్పితే గీశాడు. ఈ డబ్బా చూపించండి." సుబ్బరావమ్మ కుచ్చెళ్ళలోంచి క్యాలెండరు అట్ట తీసి, బోసివైపు బయటికి పెట్టి చేతికిచ్చింది.

డాక్టరమ్మకి అర్థం కాలేదు గాని అట్ట ఎత్తి పట్టింది. బుల్లయ్య ఒక్క క్షణం అట్ట ఉన్న వైపు తల తిప్పాడు.

"డబ్బా!" అన్నాడు ధీమాగా. "దిగు దిగు, పక్కకి పో, ఎక్కు ఎక్కు, ఇంటికి రా."

తెల్లకాగితం మీద నాలుగు మూలల డబ్బా ముద్దుగా కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డాక్టరమ్మ నవ్వు పోయింది. చాప మీద ఒక పూస పెట్టి తీయమంది. వాడి చెయ్యి దాని పక్కనుంచి పోయింది. దూరంగా వేళ్ళు చూపించి ఎన్ని అంది. వాడు నానమ్మ ఉందనుకున్న వైపు తిరిగి, "ఎన్ని అనాల నానమ్మా?" అని అడిగాడు.

"ఎన్నాళ్ళ నుంచీ ఇట్లా ఉంది?"

"నాకు నిన్నటి నుంచి తెలుసు," అంది సుబ్బరావమ్మ. "నా కోడలికి ఎప్పట్నుంచో తెలుసు. చెప్తే నేను నోరు మూయించా."

శిరీష కొడుకు పక్కన కూర్చుని వాడి తల నిమిరింది. అత్తవైపు చూడలేదు, కానీ కొంచెం జరిగి చాప మీద చోటిచ్చింది. సుబ్బరావమ్మ ఆ చోట్లో కూలబడింది.

"నాకు ఇంకో బెలూను ఇస్తారా?" అన్నాడు బుల్లయ్య. నాలుగు బొమ్మలు గీశాడు మరి.

"దృష్టి ఇట్లా ఉండి కూడా పిల్లాడు అంత తిన్నగా గీశాడంటే చేతికి లోటు లేదు," అంది లక్ష్మీదుర్గ. "కళ్ళ డాక్టరుకి చూపించాలి. ఆలస్యం చేయకుండా తీసుకొచ్చారు, అది మంచిది."

"నేను తీసుకురాలా," అని సుబ్బరావమ్మ ముక్కు చీదింది. "ఆ పిల్ల తెచ్చింది." ఇంతలో ఏదో గుర్తొచ్చి ఉలిక్కిపడి, జ్యోతిర్మయి మీద విరుచుకుపడింది. "చూస్తావేం, ఆ పిల్ల గుడ్డు ఇయ్యవే ముందు!"

*

సోమవారం ఒంగోలుకి ఒకే ఆటోలో వెళ్ళారు. ఆటో నజ్మీన్ మొగుడు రహమాన్‌ది. ముందు సీట్లో అతని పక్కన ఒదిగి కూర్చుంది ఎవరనుకున్నారు? సుబ్బరావమ్మే. గ్రానైట్ లారీ ఎదురొచ్చినప్పుడల్లా రహమాన్‌కి తోలడం నేర్పింది. కళ్ళ డాక్టరు పరీక్ష చేసి, పవరు చాలా ఎక్కువుంది, అద్దాలు పెడితే చాలావరకు కనబడుతుంది, ఏడాదికోసారి చూపిస్తుండాలి అన్నాడు. ఇంకా ముందొస్తే బాగుండేదని కూడా అన్నాడు. ఆ మాటకి ఆమె కోడలి ముందే తల వంచుకుంది.

కళ్ళజోడు వచ్చిన రోజు కళ్ళంలో తొడిమల పని ఆగిపోయింది. ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు. శిరీష వాడి చెవులకి తగిలించి, జారకుండా వెనకాల నాడా కట్టింది. బుల్లయ్య అట్లాగే నిలబడిపోయాడు. కదిలితే ఏమైనా ఒలికిపోతుందేమో అన్నట్టు నిలబడ్డాడు.

"నానమ్మా, అక్కడ దూరాన ఉన్నయ్యి కూడా మిరగాయలేనా?"

"మిరగాయలేరా. నువ్వేమనుకున్నావు?"

"ఎర్ర దుప్పటనుకున్నా."

ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె తుమ్మింది, వరసగా అందరూ తుమ్మారు. ఆ తుమ్ములప్పుడు కూడా వాడు ఒక్కొక్క మొహం వైపే తిరిగి చూశాడు. ఎవరిది ఏ తుమ్మో మొదటిసారి తెలిసింది వాడికి. నగ్మా దగ్గరికి పోయి దాని ముడుచుకున్న చెయ్యి చూశాడు. "ఇట్టా ఉంటదా నీ చెయ్యి?" అన్నాడు. "ఊఁ," అంది నగ్మా. "నీ కళ్ళు ఇంత పెద్దయ్యా?" అంది. ఆ సంగతి అంతటితో తేలిపోయింది. ఇద్దరూ లావు రంగుపెన్సిళ్ళు తీసుకుని గోతం మీద బోర్లా పడుకున్నారు.

గాలికి నగ్మా కాగితం లేస్తోంది. మోచేయి ఆనించినా అటు కొస లేస్తోంది. సుబ్బరావమ్మ కాసేపు చూసి, కారం చేతులు చెంగుకి తుడుచుకుని, వచ్చి గొంతుక్కూర్చుని ఆ కొస రెండు వేళ్ళతో నొక్కి పట్టింది. పిల్ల చటుక్కున ఎడం చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గియ్యవే," అంది సుబ్బరావమ్మ. "ఆ చేత్తోనే గియ్యి. నేను కాగితం పట్టుకున్నాగా మరి."

పందిరి కింద మజ్జిగ పోస్తున్న నజ్మీన్ ఒకసారి ఇటు చూసింది. గ్లాసుల్లో మొదటి గ్లాసు తెచ్చి సుబ్బరావమ్మ పక్కన పెట్టి పోయింది.

బుల్లయ్య గీయడం మానేసి తలెత్తి చూస్తున్నాడు. ఇంత దగ్గర నుంచి, ఇంత తీరిగ్గా నానమ్మని చూడటం వాడికి ఇదే మొదలు. నుదురు చూశాడు. కళ్ళ పక్కన చూశాడు. వేలు పెట్టి బుగ్గ మీద ఒక ముడతని పైనుంచి గడ్డం దాకా దిగుదిగుమని దించాడు.

"నానమ్మా, నీ మొహం మీద ఇన్ని గీతలు ఎవురు గీశారు?"

సుబ్బరావమ్మ కాగితం కొస వదల్లేదు. కళ్ళు మాత్రం మండాయి. మిరపకాయల ఘాటని చెప్పుకోవచ్చు, కళ్ళంలో ఎవరూ కాదనరు.

"ఎవురూ గీయలేదురా అయ్యా," అంది. "కోచింగు లేకుండానే వచ్చినయ్."